ఎస్సీ వర్గీకరణ: పదిహేను శాతం లోపల జరిగిన మార్పు ఏమిటి?

క్లుప్తంగా: వర్గీకరణ వల్ల తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ ఎస్సీల మొత్తం రిజర్వేషన్ పెరగలేదు, తగ్గలేదు. ఉన్న 15 శాతాన్ని 59 కులాలు ఎలా పంచుకోవాలన్నదే మారింది. 2004లో చెల్లదన్న సుప్రీంకోర్టే 2024లో చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో రెండు రాష్ట్రాలూ అమలు మొదలుపెట్టాయి. ఎవరికి ఎంత అందుతుందనేది మాత్రం కాగితం మీద శాతాల కంటే రోస్టర్ మీద (ఏ నంబరు పోస్టు ఎవరిదో ముందే రాసి ఉంచే వరుస), పడే నోటిఫికేషన్ల మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

వర్గీకరణ మొదలైనప్పటి నుంచి ఉద్యోగార్థుల వాట్సాప్ గ్రూపుల్లో రకరకాల మెసేజ్‌లు తిరుగుతున్నాయి. ఎస్సీ కోటా తగ్గిపోయిందని ఒకరు, క్రీమీ లేయర్ (బాగుపడిన కుటుంబాలకు రిజర్వేషన్ తీసేసే నిబంధన) వచ్చేసిందని ఇంకొకరు, యూపీఎస్సీకి కూడా ఇదే వర్తిస్తుందని మరొకరు. ఈ గందరగోళంలో నష్టపోయేది ఏళ్ళ తరబడి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న పిల్లలే. ముప్పై ఏళ్ళ ఉద్యమాన్ని, అరడజను కోర్టు తీర్పులను ఒక ఫార్వర్డ్ మెసేజ్‌లో ఇరికించడం కుదరదు కాబట్టి, ఒక్కో ముడీ విప్పుకుంటూ వెళ్ళడమే మేలు.

## ముందు, మారనివి ఏమిటో

ఎస్సీల జాబితా మారలేదు. ఏ కులం ఎస్సీ, ఏది కాదు అనేది రాజ్యాంగంలోని 341వ అధికరణ కింద రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా ఖరారవుతుంది. అందులో ఒక కులాన్ని చేర్చాలన్నా, తీసేయాలన్నా పార్లమెంటుకే అధికారం. వర్గీకరణ ఆ జాబితా జోలికి వెళ్ళదు.

రాష్ట్రాలు చేసిన వర్గీకరణ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు, రాష్ట్ర పరిధిలోని విద్యాసంస్థల సీట్లకు మాత్రమే. యూపీఎస్సీ, రైల్వే, బ్యాంకులు, ఐఐటీలు, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఎస్సీ కోటా ఎప్పటిలాగే ఒకే ముద్దగా ఉంటుంది. ఎస్సీలకు రిజర్వ్ చేసిన అసెంబ్లీ, లోక్‌సభ స్థానాలకూ వర్గీకరణకూ సంబంధం లేదు. అట్రాసిటీ చట్టం రక్షణ కూడా 59 కులాలకూ ఒకేలా ఉంటుంది.

క్రీమీ లేయర్ సంగతి కొంచెం చిక్కు. 2024 తీర్పు ఇచ్చిన ఏడుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ఎస్సీ, ఎస్టీల్లోనూ క్రీమీ లేయర్‌ను గుర్తించాలని అభిప్రాయపడ్డారు. అయితే కోర్టు ముందున్న అసలు ప్రశ్న అది కాదు. తీర్పు వచ్చిన వారం రోజులకే, 2024 ఆగస్టు 9న, అంబేద్కర్ ఇచ్చిన రాజ్యాంగంలో ఎస్సీ, ఎస్టీలకు క్రీమీ లేయర్ నిబంధన లేదని కేంద్ర కేబినెట్ తేల్చి చెప్పింది. తెలంగాణలో వర్గీకరణ మీద వేసిన కమిషన్ ఇలాంటి సూచన చేసినా రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. కాబట్టి తల్లిదండ్రుల ఆదాయం చూసి ఎస్సీ రిజర్వేషన్ తీసేసే నిబంధన రెండు రాష్ట్రాల్లోనూ లేదు.

## ఒకే జాబితాలో ఇంత దూరం ఎలా వచ్చింది

ఊరు మొత్తం ఈ ఎస్సీ కులాలవాళ్ళందరినీ అంటరానివాళ్ళుగానే చూసింది. కానీ వెలివాడలోనూ వాడలు వేరే. మాలవాడ ఒక దిక్కున, మాదిగవాడ ఒక దిక్కున, బావులు వేరు, పెళ్ళి సంబంధాలు లేవు. ఇద్దరికీ ఊరు అప్పగించిన పనులు కూడా వేరు. మాదిగలది తోలు పని: చెప్పులు కుట్టడం, మోట బావులకు తోలు బొక్కెనలు చేసివ్వడం, డప్పు కొట్టడం. మాలల్లో ఎక్కువమంది పొలం కూలీలు, కొన్నిచోట్ల ముతక బట్టలు నేసేవాళ్ళు.

ఆధునిక కాలం ఈ రెండు పనుల మీదా ఒకే రకంగా పడలేదు. కరెంటు మోటార్లు వచ్చి తోలు బొక్కెన పోయింది, ఫ్యాక్టరీ చెప్పు వచ్చి ఊరి చెప్పు పోయింది. చేతిలో పనితనం ఉండీ దానికి గిరాకీ లేకుండా పోయింది. పొలం కూలీకి కాలువల కింద వ్యవసాయం పెరిగినచోట కనీసం కూలి పెరిగింది. చేతిలో నాలుగు రూపాయలు ఆడిన ఇంట్లో పిల్లలు బడికి వెళ్ళే అవకాశం ఎక్కువ. బడికి ఒక తరం ముందు వెళ్ళినవాళ్ళే రిజర్వేషన్ వచ్చినప్పుడు దరఖాస్తు నింపగలిగారు. ఆ ఇంట్లో రెండో తరం ఇంకొంచెం ముందుకు వెళ్ళింది. ఒక తరం తేడా మూడు తరాలు తిరిగేసరికి పెద్ద తేడా అయింది. ఇది అన్ని జిల్లాల్లో ఒకేలా జరగలేదు, మాలల్లో నిరుపేదలు లేరనీ కాదు. సగటున దూరం ఎలా పెరిగిందో చెప్పే వివరణ మాత్రమే ఇది.

ఈ చర్చ అంతా మాల, మాదిగల మధ్యే జరుగుతున్నట్టు కనిపిస్తుంది గానీ, ఇద్దరికంటే ఎంతో వెనక ఉన్న చిన్న కులాలు జాబితాలో చాలా ఉన్నాయి. మాదిగలకు కులపురాణం చెప్పి వాళ్ళిచ్చిందే తిని బతికిన డక్కలివాళ్ళు, ఊరూరూ తిరిగే బేడ జంగాలు, ఉత్తరాంధ్ర పట్టణాల్లో పారిశుధ్య పనిలో ఉన్న రెల్లి కులస్తులు. రెల్లివాళ్ళది మరో ఇబ్బంది. మున్సిపాలిటీల్లో వాళ్ళకు పని దొరికింది, కానీ అది చీపురు పని. ఉద్యోగాల సంఖ్య మాత్రమే లెక్కేస్తే వాళ్ళకు ప్రాతినిధ్యం ఉన్నట్టే కనిపిస్తుంది. ఏ స్థాయి ఉద్యోగం అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. 2024 తీర్పులో ప్రాతినిధ్యాన్ని తలల సంఖ్యతో కాకుండా అది ఎంత ప్రభావవంతంగా ఉందన్న దానితో కొలవాలని చెప్పడానికి ఇదే కారణం.

## ఈదుముడి నుంచి

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. జనం దాన్ని దండోరా అన్నారు. మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో ఆ ఉద్యమం చేసిన మొదటి పని కోర్టుకు వెళ్ళడం కాదు, పేరు మార్చడం. అప్పటిదాకా తిట్టుగా వాడుతున్న కులం పేరును రెడ్డి, శర్మ, చౌదరి లాగా పేరు చివర రాసుకోమంది. చావుకు కొట్టే డప్పును సభ ముందు పెట్టింది. రిజర్వేషన్ అనే పొడి విషయం ఊళ్ళలోకి వెళ్ళింది ఈ దారిలోనే. అధికరణల నంబర్లు తెలియని వాళ్ళకు కూడా మన వాటా ఎంత, మనకు అందింది ఎంత అనే ప్రశ్న అర్థమైంది. సామాజిక న్యాయం గురించి జనానికి చెప్పడం అంటే ఏమిటో తెలుగు నేల మీద ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణలు తక్కువ.

ఒత్తిడి పెరిగాక ప్రభుత్వం 1996లో జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ వేసింది. దాని సిఫార్సుల మేరకు 1997 జూన్‌లో నాలుగు గ్రూపులు వచ్చాయి: రెల్లి, దాని సంబంధిత కులాలు 12 కలిపి 'ఎ' కింద 1 శాతం, మాదిగ, సంబంధిత కులాలు 18 కలిపి 'బి' కింద 7 శాతం, మాల, సంబంధిత కులాలు 25 కలిపి 'సి' కింద 6 శాతం, ఆది ఆంధ్ర మొదలైన 4 కులాలకు 'డి' కింద 1 శాతం. జాతీయ ఎస్సీ, ఎస్టీ కమిషన్‌ను సంప్రదించలేదన్న కారణంతో హైకోర్టు ఆ జీవోలను కొట్టేసింది. తర్వాత ఆర్డినెన్స్, ఆ వెనక 2000లో చట్టం. నాలుగేళ్ళకు పైగా అది అమలైంది. 2004 నవంబర్ 5న సుప్రీంకోర్టు ఈవీ చిన్నయ్య కేసులో ఆ చట్టాన్ని కొట్టేసింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు. కేంద్రం వేసిన ఉషా మెహ్రా కమిషన్ 2008లో రాజ్యాంగ సవరణ సూచించింది, అది ముందుకు కదల్లేదు. పార్టీలన్నీ మద్దతు చెప్పాయి. ఢిల్లీకి వెళ్ళేసరికి ఫైలు ఆగిపోయేది. చివరికి దారి తెరుచుకున్నది పంజాబ్ కేసులో.

## అదే అధికరణ, రెండు అర్థాలు

చిన్నయ్య తీర్పు తర్కం ఇది: 341 కింద జాబితాలోకి ఎక్కిన కులాలన్నీ కలిసి ఒకే సజాతీయ వర్గం. దాన్ని విడగొట్టడమంటే రాష్ట్రపతి జాబితాను రాష్ట్రం తిరగరాయడమే. ఆ అధికారం రాష్ట్రానికి లేదు.

2024 ఆగస్టు 1న స్టేట్ ఆఫ్ పంజాబ్ వర్సెస్ దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు సభ్యుల ధర్మాసనం 6-1 మెజారిటీతో దీన్ని తోసిపుచ్చింది. జాబితా పని గుర్తించడం వరకే, జాబితాలో ఉన్నంత మాత్రాన అందరూ సమానంగా వెనకబడి ఉన్నట్టు కాదు అన్నది మెజారిటీ మాట. రిజర్వేషన్ ఇచ్చే అధికారం రాష్ట్రానికి 15, 16 అధికరణల నుంచి వస్తుంది, వెనకబాటు తేడాలను బట్టి ఆ వాటాను పంచడం ఆ అధికారంలో భాగమే. జస్టిస్ బేలా త్రివేది ఒక్కరే విభేదించారు. జాబితాలోని ఏ కులానికి ప్రయోజనం తగ్గినా అది జాబితాను మార్చినట్టే, కాబట్టి పార్లమెంటే చేయాలన్నది ఆమె వాదన. చిన్నయ్య తీర్పు తర్కానికి ఇది దగ్గరగా ఉంటుంది.

ఒక పోలిక చూస్తే మెజారిటీ తర్కం తేలిగ్గా తెలుస్తుంది. బీసీల్లో ఎ, బి, సి, డి గ్రూపులు 1970ల నుంచీ తెలుగువాళ్ళకు అలవాటే, తర్వాత ముస్లింలలో వెనకబడిన వర్గాలకు ఇ గ్రూపు వచ్చింది. బీసీ-ఎ వాళ్ళకు 7 శాతం, బి వాళ్ళకు 10 శాతం అంటే ఎవరికీ వింతగా అనిపించదు. బీసీలను అలా విడగొట్టవచ్చని 1992లో ఇంద్రా సహానీ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్సీల్లో అదే పనికి మరో 32 ఏళ్ళు పట్టింది.

తీర్పు రాష్ట్రాలకు షరతులు కూడా పెట్టింది. మొత్తం కోటాను ఒక్క గ్రూపుకే కట్టబెట్టకూడదు. వెనకబాటుకు, ప్రాతినిధ్యం తక్కువగా ఉందనడానికి లెక్కలు చూపాలి. ఓట్ల కోసం ఇష్టమొచ్చినట్టు విడగొడితే కోర్టులు పరిశీలించవచ్చు. అంటే ఇక మీద ఈ విషయంలో గొడవలు అధికారం గురించి కాదు, లెక్కల గురించి వస్తాయి.

## వద్దన్న వాళ్ళు ఏమంటున్నారు

మాల మహానాడు, దేశంలో ఇంకా కొన్ని దళిత పార్టీలు, సంఘాలు తీర్పును వ్యతిరేకించాయి. 2024 ఆగస్టు 21న భారత్ బంద్ జరిగింది. వీళ్ళ వాదనను కేవలం స్వార్థమని కొట్టిపారేయడం సరికాదు.

వాళ్ళు చెప్పేదాంట్లో బలమైనది ఐక్యత గురించి. 1985లో కారంచేడులో చనిపోయినవాళ్ళు మాదిగలు, 1991లో చుండూరులో చనిపోయినవాళ్ళు మాలలు. ఈ రెండు దారుణాల మీద దళితులంతా ఒక్కటిగా నిలబడటం వల్లే ఉద్యమానికి బలం వచ్చింది. ఆ ఐక్యతను పంపకాల గొడవ చీలుస్తుందన్న భయం ఉత్తిది కాదు. దీనికి అటువైపు జవాబు కూడా ఉంది: వాటా అడిగితే చీలే ఐక్యత మొదటి నుంచీ ఒకరి ఖర్చుతో నడిచిందే కదా అని. 1994 తర్వాత ఊళ్ళలో రెండు వాడల మధ్య మాటలు తగ్గిన సందర్భాలు ఉన్నాయన్నది మాత్రం ఎవరూ కాదనలేరు.

రెండోది ఖాళీల గురించి. బ్యాక్‌లాగ్ పోస్టులు నింపకుండా, ప్రభుత్వ రంగం కుదించుకుంటూ, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పెంచుకుంటూ పోతే పంచుకోవడానికి మిగిలేది ఏమిటి అని వాళ్ళు అడుగుతారు. ఈ మాట వర్గీకరణ తప్పని రుజువు చేయదు. అయితే దాని ఫలితం ఎంత చిన్నగా ఉండబోతోందో చెబుతుంది, ఆ విషయంలో వాళ్ళ లెక్క సరైనదే.

## 9–5 ఇక్కడ, 6.5–7.5 అక్కడ

తెలంగాణలో జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్ మూడు గ్రూపులు సూచించింది. 2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి రోజున, చట్టం అమల్లోకి వచ్చింది. గ్రూపు-1లో 15 కులాలు, 1 శాతం. మాదిగలు ఉన్న గ్రూపు-2లో 18 కులాలు, 9 శాతం. మాలలు ఉన్న గ్రూపు-3లో 26 కులాలు, 5 శాతం.

ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ రంజన్ మిశ్రా కమిషన్ నివేదిక మీద అదే నెలలో ఆర్డినెన్స్ వచ్చింది. రెల్లి గ్రూపులో 12 కులాలు, 1 శాతం. మాదిగ గ్రూపులో 18 కులాలు, 6.5 శాతం. మాల గ్రూపులో 29 కులాలు, 7.5 శాతం. కొన్ని రోజులకే 16,347 టీచర్ పోస్టుల మెగా డీఎస్సీ నోటిఫికేషన్ కూడా వచ్చింది, వర్గీకరణ కోసమే అది అప్పటిదాకా ఆగింది.

రెండు రాష్ట్రాల మధ్య తేడా చూసి అన్యాయం జరిగిందని రెండు వైపులా అనుకునేవాళ్ళున్నారు. పాత లెక్కతో పోల్చి చూస్తే తేడా ఎందుకో తెలుస్తుంది. 1997లో ఉమ్మడి రాష్ట్రంలో మాదిగ గ్రూపుకు 7, మాల, ఆది ఆంధ్ర గ్రూపులు రెండూ కలిపి 7. ఆ 25 కులాలూ ఈ 4 కులాలూ కలిపితే 29, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో మూడో గ్రూపులో ఉన్న సంఖ్య అదే. తెలంగాణలో మాదిగల జనాభా మాలల కంటే చాలా ఎక్కువ, కోస్తాలో మాలలు ఎక్కువ. రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ ఉమ్మడి 7–7 కూడా జనాభా వెంట విడిపోయింది: ఒక చోట 9–5 వైపు, మరో చోట 6.5–7.5 వైపు.

తెలంగాణ శాతాలను జనాభాతో పోలిస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. కమిషన్ లెక్క ప్రకారం రాష్ట్ర ఎస్సీల్లో గ్రూపు-1 వాటా 3.288 శాతం, గ్రూపు-2 వాటా 62.749, గ్రూపు-3 వాటా 33.963. పదిహేనులో 1 అంటే 6.67 శాతం, 9 అంటే 60, 5 అంటే 33.33. అంటే అందరికంటే వెనకబడిన గ్రూపుకు జనాభాకు రెట్టింపు వాటా దక్కింది, దానికోసం మాదిగ గ్రూపు దాదాపు మూడు శాతం, మాల గ్రూపు ఒక శాతం కన్నా తక్కువ వదులుకున్నాయి. మాదిగలకు అంతా దోచిపెట్టారన్న ప్రచారం ఈ అంకెల ముందు నిలవదు.

పక్క రాష్ట్రాల్లో చిన్న కులాలకు ఇలా ప్రత్యేకంగా చోటు దొరకడం ఖాయమేమీ కాదు. కర్ణాటకలో 2025లో నాగమోహన్ దాస్ కమిషన్ అలాంటి సంచార కులాలకు విడిగా 1 శాతం సూచిస్తే, కేబినెట్ ఆగస్టులో 17 శాతాన్ని 6, 6, 5గా చేసి వాళ్ళను పెద్ద గ్రూపులో కలిపేసింది. ఆ కులాలవాళ్ళు రోడ్డెక్కారు. తమిళనాడు 2009లోనే 18 శాతంలో 3 శాతం అరుంధతియార్లకు కేటాయించింది, వాళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది. అక్కడ ఆ 3 శాతం నిండాక మిగతా 15 శాతంలోనూ వాళ్ళు పోటీపడవచ్చు. మన రెండు రాష్ట్రాల్లో గోడలు అంతకంటే గట్టివి.

## అసలు కీలకం రోస్టర్

15 శాతం రిజర్వేషన్ అంటే ప్రతి నోటిఫికేషన్‌లోనూ పోస్టులను పదిహేనుతో గుణించి వందతో భాగించడం కాదు. ఒక క్యాడర్‌లో, అంటే ఒకే రకం ఉద్యోగాల వర్గంలో, భర్తీ అయ్యే పోస్టులను వరుసగా లెక్కపెట్టుకుంటూ వెళ్తారు. వంద పాయింట్లలో ఫలానా నంబరు ఎస్సీది, ఫలానాది బీసీది, ఫలానాది ఓపెన్ అని ముందే రాసి ఉంటుంది. ఈసారి ఎక్కడ ఆగితే వచ్చేసారి అక్కడి నుంచి మొదలు. తెలంగాణలో వందకు 15 ఎస్సీ పాయింట్లుంటే ఒకటి గ్రూపు-1ది, తొమ్మిది గ్రూపు-2వి, ఐదు గ్రూపు-3వి. ఆంధ్రప్రదేశ్‌లో 6.5, 7.5 అనేసరికి సగం పోస్టు ఇవ్వలేరు కాబట్టి 200 పాయింట్ల రోస్టర్ తీసుకున్నారు: 2, 13, 15.

పెద్ద రిక్రూట్‌మెంట్లలో ఇది సాఫీగానే నడుస్తుంది. వేలల్లో పోస్టులున్న పోలీసు కానిస్టేబుల్, టీచర్ ఉద్యోగాల్లో ఒక్క శాతం అంటే కూడా పదుల సంఖ్యలో పోస్టులు. చిన్న క్యాడర్లలోనే చిక్కు. ఒక శాఖలో ఒక క్యాడర్‌కు ఏడాదికి పది పోస్టులు పడుతున్నాయనుకుంటే వంద పాయింట్లు తిరగడానికి పదేళ్ళు. ఆ పదేళ్ళలో గ్రూపు-1 అభ్యర్థికి వచ్చేది ఒకే ఒక్క పోస్టు. ఈ ఏడాది ఆ పాయింట్ దాటిపోతే, ఇప్పుడు ఇరవై ఐదేళ్ళున్న అమ్మాయికి మళ్ళీ ఆ పాయింట్ వచ్చేసరికి ముప్పై ఐదు. అందుకే మా గ్రూపుకు ఎంత శాతం అని అడగడంతో పాటు, ఈ నోటిఫికేషన్‌లో రోస్టర్ ఏ పాయింట్ దగ్గర మొదలవుతోందని అడగడం అలవాటు కావాలి.

దీని పక్కనే ఇంకో నిబంధన ఉంది, చర్చల్లో అది పెద్దగా వినపడదు. తెలంగాణలో గ్రూపు-1 పాయింట్‌కు అర్హులు దొరక్కపోతే ఆ పోస్టు గ్రూపు-2కు వెళ్తుంది, అక్కడా లేకపోతే గ్రూపు-3కు, ఎక్కడా లేకపోతేనే బ్యాక్‌లాగ్ అవుతుంది. పోస్టు ఖాళీగా మిగిలిపోకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ డక్కలి, బేడ జంగం కుటుంబాల్లో డిగ్రీ దాకా వచ్చేవాళ్ళు ఎందరు? ఊరూరూ తిరిగే కుటుంబంలో పిల్లకు కుల ధ్రువీకరణ పత్రం తెచ్చుకోవడమే ఒక యుద్ధం. టీచర్ పోస్టుకు బీఈడీ, టెట్ రెండూ కావాలి. అర్హత ఉన్నవాళ్ళు తయారు కాకపోతే వాళ్ళ పేరున రాసిన 1 శాతం నోటిఫికేషన్ మీద కనిపించి, చేతికి వచ్చేసరికి పక్క గ్రూపుకు జారిపోతుంది. గురుకులాల్లో ఈ కులాల పిల్లలను వెతికి చేర్చుకోవడం, డిగ్రీ దాకా హాస్టల్, పోటీ పరీక్షల శిక్షణ, ఇవేవీ లేకుండా వర్గీకరణ చట్టం ఒక్కటే ఆ పని చేయలేదు.

జనగణనలో కులాల వివరాలు కూడా సేకరిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. ఆ అంకెలు వచ్చాక ఈ శాతాల మీద మళ్ళీ చర్చ మొదలవడం ఖాయం, కోర్టు కేసులు కూడా రావచ్చు. జనాభా లెక్క ఒక్కటే చాలదు. ప్రతి నియామకం పూర్తయ్యాక ఏ గ్రూపుకు ఎన్ని పాయింట్లు వచ్చాయి, ఎన్ని ఆ గ్రూపు అభ్యర్థులతోనే నిండాయి, ఎన్ని కిందికి జారాయి అనే పట్టికను నియామక సంస్థలు బయటపెట్టాలి. రోస్టర్ నడపడానికి ఈ వివరాలన్నీ వాళ్ళ దగ్గర ఉండి తీరాలి, అడిగితే సమాచార హక్కు చట్టం కింద ఇవ్వాల్సినవే. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో క్యాడర్‌లో 200 పాయింట్లు పూర్తయ్యేసరికి రెల్లి గ్రూపుకు రాసిన ఆ రెండు పోస్టుల్లో ఎవరు కూర్చున్నారో ఆ పట్టికలోనే కనిపిస్తుంది.